పరదాకు తాళం

పలమనేరుకు పది మైళ్ల దూరంలో నక్కబండపల్లె అనే ఊళ్లో చెంగల్రాయుడు అనే రైతు ఉండేవాడు. చేతికి వచ్చిన దేన్నీ పోనివ్వలేకపోవడం అతని జబ్బు. కాలిన అగ్గిపుల్లలను మళ్లీ పెట్టెలోనే పెట్టేవాడు. విరిగిన గొడుగు ఊచలను వంగమొక్కలకు ఊతంగా గుచ్చేవాడు. కుళాయి చుక్కలుగా కారితే కింద సీసా పెట్టి, అది నిండేదాకా పక్కనే కూర్చునేవాడు. దేవుడి ముందు ఊదుబత్తి వెలిగిస్తే వాసన బయటికి పోకూడదని తలుపులూ కిటికీలూ మూసేవాడు. అతని భార్య దేశమ్మ దగ్గుకుంటూ వాకిట్లోకి వచ్చేది.

“లోపల దేవుడు కూడా దగ్గుతాంటాడు. తలుపు తియ్యవయ్యా” అనేది.

“వాసన కోసమే గదమ్మే వెలిగించింది. ఊరందరికీ పంచేదానికా?” అనేవాడు చెంగల్రాయుడు.

వానలు సరిగ్గా పడని ఆ సీమలో దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. పొదుపు అన్నారు. నలుగురూ మెచ్చుకున్నారు. అందువల్ల అది నయం కాలేదు.

చెంగల్రాయుడికి ఎకరం నేల, ఒక బోరు ఉండేవి. అందులో అర ఎకరం మీద పాలీహౌస్ వేసుకున్నాడు. ఇనుప గొట్టాల మీద తెల్లటి ప్లాస్టిక్ కప్పిన పెద్ద ఇల్లు అది. రెండు పొడుగు పక్కలా పరదాలు ఉండేవి. హ్యాండిల్ తిప్పితే పరదా చుట్టుకుంటూ పైకి లేచి గాలి వచ్చేది. వెనక్కి తిప్పితే దిగి మూసుకునేది. పైన కప్పులో వేడి పోవడానికి వలకట్టిన సందు ఒకటి ఉండేది. మొగుడూ పెళ్లాలిద్దరే లోపల ఏటా క్యాప్సికం పండించేవారు. మొక్కలను పురికొసలతో పైతీగలకు కట్టడం, పక్క కొమ్మలు కత్తిరించడం, కాయలు కోయడం దేశమ్మ పని. నీళ్లు, మందులు, పరదాలు చెంగల్రాయుడి పని.

ఆ ఏడు బోరు తగ్గిపోయింది. మూడంగుళాల నీళ్లు ఒక అంగుళానికి వచ్చాయి. దేశమ్మ రెండు రోజులు మోటారు దగ్గర నిలబడి చూసి, భర్తను పిలిచింది.

“బొట్లు బొట్లుగా ఇస్తే ఒక్క పంటకు వస్తాయి. రెండో పంటకు రావు. బెంగళూరులో మా తమ్ముడు వాచ్‌మన్ పనికి ఇంకో ఇద్దరు మనుషులు కావాలంటాండాడు. ఈ పంట చేతికొస్తే ఈడనే ఉందాం. రాకుంటే పోవాల్సిందే. నాకైతే పోవాలని లేదు. ఇంకొకరి కార్లకు గేటు తీసేదానికి నేను పుట్టలేదు.”

“ఎందుకు రాదు పంట?”

“నువ్వు చెడగొట్టకుంటే వస్తాది.”

“నేనా? నా జన్మలో నేను దేన్నన్నా చెడగొట్టినానా?” అన్నాడు చెంగల్రాయుడు. అది నిజమే. అతను ఎన్నడూ ఏదీ పారేయలేదు.

జనవరి చివర నారు నాటారు. ఫిబ్రవరిలో తొలి పూలు కనబడ్డాయి. క్యాప్సికానికి తొలి పూలను గిల్లేయాలి. లేకపోతే మొక్క ఎదగకముందే కాయ మోసి అక్కడే ఆగిపోతుంది. చెంగల్రాయుడికి చేయి రాలేదు. రేపు గిల్లుదాం, ఎల్లుండి గిల్లుదాం అన్నాడు. అతను ఊళ్లోకి పోయిన వేళ చూసి దేశమ్మే గిల్లేసింది. ఆ సాయంత్రం అతను రాలిన మొగ్గలన్నీ ఏరి తువ్వాల్లో పోసుకుని, అన్నం తినకుండా కూర్చున్నాడు.

ఆ వారంలోనే హైమావతి అనే ఉద్యాన అధికారిణి తోట చూడటానికి వచ్చింది. మొక్కలు బాగున్నాయంది. ఇంకా బాగుండే ఉపాయం ఒకటి ఉంది, చేస్తావా అని అడిగింది.

“మొక్క తినేది మనం పెట్టే ఎరువు ఒక్కటే అనుకోకు. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. ఎండ పడగానే ఆకు దాన్ని తింటుంది. నువ్వు రాత్రంతా పరదాలు దించి పెడతావు గదా, పొద్దున గంటలోపే లోపలున్న వాయువంతా అయిపోతుంది. తర్వాత పరదా ఎత్తేదాకా మొక్కలు పస్తే. ఆ వేళకు కొంచెం వాయువు వదిలితే కాపు పెరుగుతుంది.”

“ఆ వాయువు యాడ దొరుకుతాది మేడమ్?”

“సోడాలో బుస్సుమనేది అదే. సోడా చేసేవాళ్ల దగ్గర సిలిండర్లు ఉంటాయి. అయితే ఒక మాట. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఇవ్వు. తొమ్మిదికి పరదాలు రెండూ ఎత్తెయ్యి.”

చెంగల్రాయుడి ముఖం మారింది. “ఎత్తితే గ్యాసు పోదా మేడమ్?”

“పోతుంది. పోనీ. చలి దేశాల్లో రోజంతా మూసిపెట్టుకుంటారు, వాళ్లకు ఎండ భయం లేదు. మన దగ్గర పొద్దెక్కితే ఈ ప్లాస్టిక్ కింద పొయ్యి మీద గిన్నెలా ఉంటుంది. వేడి ముప్పై అయిదు దాటితే పూలలో పుప్పొడి చస్తుంది. పుప్పొడి చస్తే పూవు నిలవదు. మూసిన చోట ఈ వాయువు ఎక్కువైతే మనుషులకూ మంచిది కాదు.” ఆమె సంచిలోంచి రెండు తీసి ఇచ్చింది. ఒకటి వాయువు ఎంత ఉందో చూపే చిన్న మీటరు, రెండోది థర్మామీటరు. “రెండూ చూసుకో. రెండింటికీ తగాదా వస్తే థర్మామీటరు మాటే విను.”

చెంగల్రాయుడు మర్నాడే పలమనేరులో సోడా మస్తాను దగ్గరికి పోయాడు.

“మొక్కలకు సోడా తాపిస్తావా అన్నా?” అని మస్తాను పకపకా నవ్వాడు. “నిమ్మకాయా, నన్నారి షర్బత్తా? ఉప్పు వెయ్యాల్నా?”

“నవ్వు. రేపు నీ సోడా తాగేవాళ్లకన్నా నా మొక్కలే బలంగా ఉంటాయి.”

“ఉండనీలే. తాగినాక త్రేన్పు వస్తే మాత్రం నన్ను అడగొద్దు” అన్నాడు మస్తాను. సిలిండర్లు మాత్రం తన బండి మీదే తెచ్చి దించాడు.

రెండు వారాలు అంతా చెప్పినట్టే జరిగింది. తెల్లవారాక చెంగల్రాయుడు సన్నటి రబ్బరు గొట్టాల గుండా వాయువు వదిలేవాడు. ఎనిమిదిన్నరకు కట్టేసేవాడు. తొమ్మిదికి పరదాలు ఎత్తేవాడు. ఆకులు నల్లగా నిగనిగలాడుతూ లేచాయి. దేశమ్మకు చాలా రోజుల తర్వాత ధైర్యం వచ్చింది. తమ్ముడు ఫోన్ చేస్తే, “ఉండు, ఇప్పుడే ఏమీ చెప్పలేను” అంది.

చిక్కంతా ఆ మీటరుతో వచ్చింది. పరదాలు దించి ఉన్నప్పుడు అది తొమ్మిది వందలు చూపించేది. పరదా ఎత్తగానే అంకె పడిపోయేది. ఎనిమిది వందలు, ఆరు వందలు, అయిదు వందలు. పది నిమిషాల్లో బయట ఎంతో లోపలా అంతే. ఇంతకాలం కంటికి కనబడని గాలి ఇప్పుడు అంకెలై పోతుంటే చెంగల్రాయుడు చూడలేకపోయాడు. పొద్దున్నే మీటరు చేతిలో పట్టుకుని నిలబడి, ఎవరో తన ఇంట్లోంచి సామాను మోసుకుపోతున్నట్టు చూసేవాడు.

“పోతాంది మే, పోతాంది! గాలి యా పక్క కొడతాందో చూడు. అంతా పక్కనుండే గోవిందప్ప మామిడితోటకే. ఆయన చెట్లకు నేను మేత పెట్టాల్నా?”

“పెట్టు. పుణ్యం వస్తాది. హ్యాండిల్ తిప్పు” అనేది దేశమ్మ.

మొదట అరగంట ఆలస్యం చేశాడు. ఇంకొంచెం తినేదాకా ఉండనీ అన్నాడు. తర్వాత పది అయింది. తర్వాత పదకొండు. పరదాల అంచుల్లో సందులుంటే పాత చొక్కాలు చింపి కుక్కాడు. మార్చి వచ్చేసరికి నిచ్చెన వేసుకుని పైకెక్కి, కప్పు సందుకు కూడా ప్లాస్టిక్ కట్టేశాడు. గ్యాసు వదులుతూనే ఉండటంతో పరదా ఎత్తేదాకా మీటరు తొమ్మిది వందల దగ్గరే నిలబడింది. థర్మామీటరు నలభై చూపిస్తుంటే అతనికి ఇబ్బందిగా ఉండేది. దాన్ని తీసి బయట వాకిలి పక్కన, నీళ్ల తొట్టి నీడలో తగిలించాడు. అక్కడ అది ముప్పై మూడు చూపించింది. అతనికి మనసు కుదుటపడింది.

మొక్కలు ఛాతీ ఎత్తుకు పెరిగాయి. ఒక్కో ఆకు అరచేతిని మించిపోయింది. దారిన పోయేవాళ్లు లోపలికి వచ్చి చూసిపోయేవారు. చెంగల్రాయుడు ఒక్కో ఆకునూ తుడిచి మరీ చూపించేవాడు. ఖాళీ సిలిండర్ల కోసం వచ్చిన మస్తాను తోటంతా తిరిగి గడ్డం గీరుకున్నాడు.

“ఆకు చూస్తే తమలపాకు సిగ్గుతో చచ్చిపోవాల. కాయ యాడ అన్నా?”

“ముందు ఆకు. తర్వాత కాయ.”

“నా షాపులో గూడా అంతే అన్నా. మూత తియ్యంగానే నురగ శానా వస్తాది. సోడా సీసాలోనే ఉండాల గదా!” అని నవ్వుతూ పోయాడు మస్తాను. చెంగల్రాయుడు కూడా నవ్వాడు. దేశమ్మ నవ్వలేదు.

ఆమెకు రోజూ మధ్యాహ్నానికి తల దిమ్మెక్కిపోయేది. పురికొసలు కడుతుంటే కళ్లలోకి చెమట కారి ముడి కనబడేది కాదు. అంతకన్నా ఆమెను బాధపెట్టింది నేల. మొక్కల మొదళ్ల దగ్గర పరిచిన ప్లాస్టిక్ షీటు మీద రోజూ తెల్లటి పూలు పడి ఉండేవి. మొదట పదీ ఇరవై. తర్వాత దోసెడు. ఒకరోజు ఆమె అన్నీ కొంగులోకి ఏరుకొచ్చి భర్త ముందు దులిపింది.

“ఇవేంది?”

“పూలు.”

“ఎన్ని?”

“పూలు రాలేది మామూలే. ఆ పొద్దు నువ్వే గదా గిల్లిపారేసింది? అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?”

“అవి గిల్లాల్సిన పూలు. ఇవి కాయాల్సిన పూలు. కాడతో సహా ఊడిపోయి పడతాండాయి. లోపలికి రా, నా పక్కన ఒక్క గంట నిలబడు. నిలబడినాక నువ్వే పరదా ఎత్తుతావు.”

“ఎత్తితే పొద్దుట్నించి పట్టిన గ్యాసంతా పోతాది.”

“పోతే పోనీ! మేడం చెప్పింది అదే గదా.”

“మేడమ్‌కేం, చెప్పి పోతాది. సిలిండరు మోసేది నేను.”

మర్నాడు అతను మందుల కోసం పలమనేరు పోయాడు. దేశమ్మ పది గంటలకు రెండు పరదాలూ ఎత్తేసింది. గాలి లోపలికి వచ్చింది. మొక్కలు కదిలాయి. ఆ ఒక్కరోజు ఆమెకు తలనొప్పి రాలేదు. సాయంత్రం చెంగల్రాయుడు వచ్చి మీటరు చూశాడు. నాలుగు వందలు. అతను అరవలేదు, తిట్టలేదు. ఇంట్లోకి పోయి, పాత సైకిలు గొలుసులు రెండు, తాళాలు రెండు తెచ్చాడు. పరదాలు దించి, హ్యాండిళ్లను గొట్టాలకు కట్టి తాళం వేశాడు. తాళం చెవులు మొలతాడుకు కట్టుకున్నాడు.

“నా మీద నమ్మకం లేదా?” అంది దేశమ్మ.

“నమ్మకం ఉండాది. చేయి ఊరుకోదు గదా నీది” అన్నాడు.

ఆ తర్వాత పది రోజులు పరదాలు చీకటి పడ్డాకే లేచాయి. తెల్లవారకముందే దిగాయి.

మార్చి నెలాఖరులో పుంగనూరులో చెంగల్రాయుడి మేనమామ పెద్దకర్మ వచ్చింది. అతను తెల్లవారే సిలిండరు తిప్పి, వాయువు నింపి, తొలి బస్సుకు పోయాడు. పోయే హడావిడిలో తాళం చెవులు ఇచ్చిపోలేదు. ఇవ్వాలని అతనికి తోచను కూడా లేదు. ఆ రోజు ఎండ ఎనిమిదికే చురుక్కుమంది. పదకొండు దాటాక దేశమ్మ లోపలికి పోయి, నిలబడలేక బయటికి వచ్చింది. వాకిలి పక్కనున్న థర్మామీటరును తీసి మొక్కల మధ్య పెట్టింది. కాసేపయ్యాక చూస్తే నలభై ఆరు. భర్తకు ఫోన్ చేసింది.

“తాళం చెవులు యాడ పెట్టినావు?”

“నా మొలతాడుకే ఉండాయి.”

“మొక్కలు వాలిపోతాండాయి. కొసలు ఉడికిపోతాండాయి. తాళం పగలగొడతాండా.”

“పగలగొట్టొద్దు మే! హ్యాండిలు వంగిపోతే మళ్లీ దొరకదు. ఈ పొద్దే సిలిండరంతా నింపిపెట్టినా. గంటలో వస్తా, ఉండు.”

“గంటలో వస్తావా?”

“వస్తానన్నా గదా!”

అతను చెప్పాడు కాబట్టి ఆమె ఆగింది. ఇరవై ఏళ్లు అతనితో కాపురం చేసి, వస్తువు పాడుచేయడానికి ఆమె చేయి కూడా వెనకాడటం నేర్చుకుంది. ఆకుల మీద కొట్టడానికి నీళ్లు కావాలని మోటారు వేసింది. పది నిమిషాలు వచ్చి గాలి కక్కింది.

పుంగనూరులో చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు. అప్పుడే విస్తళ్లు వేశారు. వండిన అన్నం ముందు పెట్టుకుని వదిలేసి పోవడం అతని వల్ల కాలేదు. తిన్నాడు. బయటికి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. ఆటోవాడు పిలిచాడు. ఇంకో బస్సు ఉండగా ఆటో ఎందుకని చెట్టు కింద కూర్చున్నాడు. బస్సు రెండు గంటల తర్వాత వచ్చింది.

ఒంటిగంట దాకా దేశమ్మ రోడ్డు వైపు చూసింది. తర్వాత ఒక గుండ్రాయి తెచ్చి తాళం మీద కొట్టింది. ఏడు దెబ్బలకు మొదటిది ఊడింది, ఆ పరదా ఎత్తింది. రెండోది ఊడలేదు. కొడవలి తెచ్చి రెండో పక్క పరదాను ఈ చివర నుంచి ఆ చివర దాకా చీల్చేసింది. లోపలి నుంచి వచ్చిన వేడికి ఆమె వెనక్కి పడిపోయింది. లేచి లోపలికి పోయింది. థర్మామీటరు యాభై దాటింది. మొక్కల కొసలన్నీ ఉడికిన ఆకుకూరలా వేలాడుతున్నాయి. మిగిలిన పూలన్నీ నేల మీదున్నాయి. అక్కడక్కడా నిలిచిన బఠాణీగింజంత పిందెలు కూడా రాలి పడి ఉన్నాయి. నేల తెల్లగా ఉంది. నడిస్తే కాలికింద మెత్తగా తగిలింది.

చెంగల్రాయుడు నాలుగు గంటలకు వచ్చాడు. ముందుగా అతనికి చిరిగిన పరదా కనబడింది.

“కొత్త షీటు మే! రెండేళ్లు కూడా కాలేదు!” అన్నాడు.

దేశమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. అతను లోపలికి పోయాడు. అలవాటు కొద్దీ మీటరు వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాడు హైమావతి వచ్చింది. ఆకు తిప్పి చూసింది, కొస నలిపి చూసింది, రాలిన పూవు ఒకటి విప్పి చూసింది. తల ఎత్తి కప్పు సందుకు కట్టిన ప్లాస్టిక్‌ను చూసింది. అనాల్సినదంతా ముందే చెప్పింది కదా.

“పక్క కొమ్మలు మళ్లీ చిగురించాలి, పూయాలి. నెలన్నర పడుతుంది. నీళ్లున్నాయా?” అని అడిగింది.

దేశమ్మ మోటారు వేసి చూపించింది. పది నిమిషాల తర్వాత గొట్టం దగ్గి ఊరుకుంది.

“ఇంతేనమ్మా” అంది.

“పోనీ మేడమ్, ఈ ఆకన్నా దేనికన్నా పనికొస్తాదా?” అన్నాడు చెంగల్రాయుడు. ఆమె అతని ముఖం వైపు చూడలేకపోయింది. పనికిరాదని చెప్పి వెళ్లిపోయింది.

మూడు రోజులు ఇద్దరూ మొక్కలు పీకారు. అంత బలమైన మొక్కలు ఆ ఊళ్లో ఎవరూ ఎన్నడూ పెంచలేదు. వేళ్లు కూడా తేలిగ్గా రాలేదు. గట్టు మీద కుప్ప వేస్తే మేకలు వచ్చి వాసన చూసి పోయాయి. రెండో రోజు చెంగల్రాయుడు ఆ కుప్ప పక్కన కూర్చుని, వాడని ఆకులను ఏరి వేరే పెట్టసాగాడు. దేశమ్మ వచ్చి అతని చేతిలోంచి ఆకులు లాగి పారేసింది.

“మా తమ్ముడికి ఫోన్ చేసినా. సోమవారం రమ్మన్నాడు” అంది.

“ఇంకొక్క ఏడు చూద్దాం మే. వానలు పడితే…”

“పంట ఉన్నప్పుడు గంటలో వస్తానని సాయంత్రానికి వచ్చినావు. ఇప్పుడు ఏడాది కావాలంటావు” అంది దేశమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే అతనికి కొంచెం తేలికగా ఉండేది.

సోమవారం పొద్దున ఆమె రెండు సంచులు సర్ది రోడ్డు మీదికి వచ్చింది. అతను కనబడలేదు. వెనక్కి పోయి చూసింది. చెంగల్రాయుడు పాలీహౌస్ దగ్గర ఉన్నాడు. మిగిలిన తాళం తీసి, చిరిగిన పరదాను కూడా పైకి చుట్టి కట్టాడు. నిచ్చెన మీద నిలబడి కప్పు సందుకు కట్టిన ప్లాస్టిక్ విప్పుతున్నాడు. రెండు వైపుల నుంచీ గాలి వచ్చి ఖాళీ నేల మీదుగా పోతోంది. పైతీగలకు కట్టిన పురికొసలు ఊగుతున్నాయి. లోపల ఒక్క మొక్క లేదు.

“ఇప్పుడు ఎవరి కోసమయ్యా తీస్తాండావు?” అంది దేశమ్మ.

రోడ్డు మీద బస్సు హారను రెండుసార్లు వినబడింది. ఆమె సంచులు ఎత్తుకుని నడిచింది. అతను దిగి వెనకాలే పోయాడు.

దేన్ని ఎప్పుడు వదిలిపెట్టాలో తెలియనివాడికి, గట్టిగా పట్టుకున్నది కూడా దక్కదు.